రాణిగారి తాళంచెవి

పోయిన శనివారం టెక్సాస్‌లోని ప్లేనోలో ఒక స్కూలు ఆడిటోరియంలో మన తెలుగు పిల్లల కార్యక్రమానికి వెళ్లాను. మా ఆడపడుచు మనవరాలు, పన్నెండేళ్ల పిల్ల, ఒక చిన్న సంస్థానపు రాణి వేషం కట్టింది. శత్రువులు కోటను చుట్టుముట్టారు, రాణి కోట విడిచి వెళ్లిపోవాలి. గుమ్మం దాకా వెళ్లిన పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి, ధాన్యపు కొట్టుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తలెత్తుకు నడిచిపోయింది. హాలంతా చప్పట్లు. నేను మాత్రం చప్పట్లు కొట్టలేకపోయాను. ఎందుకంటే ఆ తాళంచెవి ఏ చరిత్రలోనూ లేదు. నలభై ఏళ్ల పైమాటే, మిషిగన్‌లో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని దాన్ని నేనే పుట్టించాను.

డెబ్బైల చివర్లో, మా వారికి కార్ల కంపెనీలో ఉద్యోగమని మిషిగన్‌లోని నోవై ఊరు చేరేనాటికి చుట్టుపక్కల ఎనిమిది తెలుగు కుటుంబాలుండేవి. మోకాలి లోతు మంచు, నాకింకా డ్రైవింగ్ రాదు, చదవడానికి తెలుగు అక్షరం లేదు. పచ్చడి జాడీలకు చుట్టి వచ్చిన పాత పేపరును కూడా ఇస్త్రీ చేసి చదువుకున్న రోజులవి. మీలో ఆ రోజులు చూసినవాళ్లు నవ్వరని నాకు తెలుసు. అలాంటప్పుడు మా నాన్నగారు ఓడలో పంపిన పార్సెలులో ఒక చరిత్రకారుడి పుస్తకం వచ్చింది. రాజులవీ, రాణులవీ, దివానులవీ జీవితచరిత్రలు రాసే ఆ పెద్దమనిషిని మా తరం తెలుగిళ్లలో చదవనివాళ్లు తక్కువ. ఆయన ఫలానా రాజు ఫలానా యుద్ధానికి వెళ్లాడని రాసి ఊరుకునేవారు కాదు. ఆ ఉదయం రాజు చద్దన్నం తిన్నాడా లేదా, గుర్రం ఏ కాలు కుంటుతోంది, గుమ్మంలో రాణి ఎందుకు మొహం తిప్పుకుంది, అన్నీ చెప్పేవారు. చెప్పి, ఆ సంగతి ఏ దస్తావేజులో దొరికిందో కూడా చెప్పేవారు. దొరకనిచోట, ఇక్కడ నాకు ఆధారం లేదు అని ఒక్క ముక్క రాసి ముందుకు సాగేవారు. రాజులు పక్కింటివాళ్లంత దగ్గరగా కనిపించేవారు, అయినా అందులో పక్కింటి కబుర్లలో ఉండే కల్తీ ఉండేది కాదు. ఆయన పుస్తకాల మహిమంతా ఆ ఒక్క ముక్కలో ఉందని నాకు తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఉన్నది ఒకే పుస్తకం, కాచుకుని ఉన్నవి ఎనిమిది ఇళ్లు. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. వచ్చిన పుస్తకాన్ని వచ్చినట్టే బైండు విప్పి, నాలుగు భాగాలు చేసి, సూదీ దారంతో కుట్టి, వంతులవారీగా ఇళ్లకు తిప్పేవాళ్లం. పుస్తకాన్ని కోయడమేమిటని మా వారు చీవాట్లు పెట్టారు కానీ, మూడో భాగం కోసం ముందు వరసలో నిలబడ్డదీ ఆయనే. ఆ పెద్దమనిషి రాసిన రాణిగారి కథ కూడా అలాగే తిరిగింది. తిరిగి తిరిగి, నాలుగో భాగం నా వంతు రాకముందే ఒక కుటుంబం ఇల్లు మారేటప్పుడు సామాన్లలో ఎక్కడో పోయింది. ఇండియాకి రాస్తే ప్రతులు అయిపోయాయని జవాబొచ్చింది.

అప్పుడే ప్లేనోలో ఉన్న మా ఆడపడుచుకు అయిదో నెల. రెండుసార్లు పోయాక నిలిచిన గర్భం. మంచం దిగడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. ఇక్కడ మా వారు, అక్కడ వాళ్లాయన, ఇద్దరూ పగలంతా ఆఫీసులో. ఆ పిల్ల ఒక్కత్తీ పైకప్పు చూస్తూ పడుకునేది. నేను రాణిగారి కథను రోజూ కొంత బిగ్గరగా చదివి, క్యాసెట్లలో రికార్డు చేసి పోస్టులో పంపేదాన్ని. మూడో భాగం అయిపోయింది. రాణి గుమ్మంలో ఉంది, ఆపైన పేజీలు లేవు. ఫోనులో ఆ పిల్ల ఏడుపు గొంతుతో రాణికి ఏమైంది వదినా అని అడిగింది. పేజీలు పోయాయని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అన్ని నెలలు ఆయన వాక్యాలు చదివిన నోరు కదా, మిగతాది ఆయనలాగే అల్లి చదివేశాను. రాణిని వెనక్కి పంపి కొట్టుకు తాళం వేయించాను, తిరిగొస్తానన్న ధీమాతో తాళంచెవి ఆమె బొడ్లో పెట్టాను. బాగా అల్లానని ఇప్పుడూ అంటాను, అందులో మొహమాటం లేదు. ఆ టేపు విన్న రోజు నుంచి తన భయం పోయిందని ఆ పిల్ల ఉత్తరం రాసింది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది.

నాలుగేళ్లకు ఆ పెద్దమనిషే అమెరికా వచ్చారు, మా ఇంట్లోనే రెండు రోజులు బస. పంచెకట్టు మీద మా వారి స్వెటరు వేసుకుని, బేస్‌మెంటు మెట్లు లెక్కపెట్టి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఎలా వెలిగిస్తారో అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు. ఆయన్ని చూడాలని మా ఆడపడుచు పిల్లని చంకనేసుకుని ప్లేనో నుంచి దిగింది. ఆ టేపు చివర నా కల్పనని నేనింకా తనకు చెప్పలేదు. ఆ సాయంత్రం బేస్‌మెంటు తివాసీ మీద ముప్ఫై మంది కూర్చుని ఉండగా, అందరికంటే ముందు చెయ్యెత్తింది తనే.

"రాణిగారి తాళంచెవి సంగతి మీకెక్కడ దొరికిందండీ?"

ఆయన కళ్లజోడు తీసి, తెలియనట్టు చూశారు. ఆయన ఎన్నడూ రాయని మాట ఆయన పేరు మీద తిరుగుతోంది. కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ నేను ఇక ఆగలేక, అది ఆయన రాయలేదు, నేను కల్పించాను అని అందరి ముందూ చెప్పేశాను. మా ఆడపడుచు మొహం పాలిపోయింది. ఆయన మాత్రం కోప్పడలేదు.

"ఆ తాళంచెవి నాకూ దొరికుంటే బాగుండేదమ్మా. పదకొండేళ్లు వెతికాను," అన్నారు.

తర్వాత తన పెట్టెలోంచి పుస్తకం తీసి ఆఖరి పేజీ ఆయనే చదివారు. ఆ ఉదయం రాణి ఏ దారిన వెళ్లిందో చెప్పే కాగితం ఒక్కటీ తనకు దొరకలేదనీ, అందుకే ఆమెను ఆ గుమ్మంలోనే వదిలేస్తున్నాననీ ఉంది అందులో. నా కల్పన కంటే అది వెయ్యి రెట్లు గొప్పదని నాకు వెంటనే తెలిసింది, సిగ్గుతో తలొంచుకున్నాను. మా ఆడపడుచు మాత్రం వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నేనా టేపు చెరపను వదినా," అంది. చెరపలేదు. కూతురికి వినిపించింది, కూతురు తన కూతురికి చెప్పింది.

ఇప్పుడు ఆయన లేరు, మా ఆడపడుచూ లేదు. ఆ బేస్‌మెంటులో కూర్చున్నవాళ్లలో గట్టిగా ముగ్గురు మిగిలామేమో. ఈ రోజుల్లో ఏ పుస్తకం కావాలన్నా క్షణంలో ఫోనులోకి వస్తుంది, సంతోషమే. కానీ ఏది అడిగినా టకీమని జవాబు చెప్పే ఆ ఫోను, నాకు ఆధారం లేదు అని తలవంచి చెప్పడం నేనింతవరకు వినలేదు. ఆ రకం పెద్దమనుషులూ, ఆ మాట కోసం మూడు నెలలు ఓడ దారి చూసిన మేమూ ఒకేసారి తరిగిపోతున్నాం.

కారులో ఇంటికి వస్తూ పిల్లకి మొత్తం చెప్పాను. వేషం ఇంకా తియ్యలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసింది.

"సో, ఇట్స్ నాట్ ట్రూ? నెక్స్ట్ షోలో ఇది తీసెయ్యాలా, అమ్మమ్మా?"

"తియ్యక్కర్లేదు. రాణిది కాదు, మా అమ్మమ్మ అల్లిందని ముందుగా చెప్పి, అప్పుడు దోపుకో," అన్నాను.