చిన్నమ్మ కడగని స్పాంజి

ఈరోజు పొద్దున కుప్పంలో మా పక్కింటావిడ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. చక్కెరకో కాఫీపొడికో అనుకున్నాను. కాదట, మా చేపల తొట్టి స్పాంజిలోని మురికి కాస్త పిండి ఇమ్మంది. వాళ్ళు కొత్త తొట్టి పెట్టి వారమైందట, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయట. మురికి అడిగి పట్టుకెళ్ళే మనిషిని చూసి నవ్వొచ్చింది గానీ, నేనూ ఒకప్పుడు దానికోసం బస్సెక్కినదాన్నే.

అప్పుడు పుంగనూరులో ఉండేవాళ్ళం. మా అమ్మ చెల్లెలు, చౌడేపల్లె పక్కన పల్లెలో ముప్పై ఏళ్ళు పాడి చేసిన మనిషి, ఉన్న ఒక్క ఆవూ జబ్బుచేసి చచ్చిపోయాక మా దగ్గరికి వచ్చేసింది. దాన్ని తన చెయ్యే మింగిందని ఆమె నమ్మకం. పశువుల డాక్టరు కాదన్నా వినలేదు. తులసికి నీళ్ళు పొయ్యమన్నా, నువ్వే పొయ్యి అనేది. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది చూడలేక మదనపల్లె నుంచి గాజు తొట్టి, ఐదు గోల్డ్‌ఫిష్‌లు ఒకేరోజు తెచ్చి ఆమె మంచానికి ఎదురుగా పెట్టాను. నీళ్ళు పోసి చేపలు వేస్తే సరి అనుకున్నాను. నా తెలివి అంతే.

చేపలు చిన్నమ్మను మంచం దింపాయి. పాడి మనిషి కదా, పాలచెంబు తోమినట్టే తొట్టినీ తోమేది. రోజూ నీళ్ళన్నీ పారబోసి కొళాయి నీళ్ళు నింపేది. ఫిల్టరులోని స్పాంజిని వేణ్ణీళ్ళలో ఉడికించినంత పనిచేసి, చింతపండుతో రుద్ది, ఎండలో ఆరేసేది. ఆ శుభ్రం చూసి నేనూ మురిసిపోయాను. నాలుగోరోజు ఒక చేప పోయింది, ఆరోరోజు ఇంకొకటి. చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"నా చెయ్యి తగిలితే పేణం నిలవదమ్మా. ఈట్ని ఎవురికన్నా ఇచ్చేయి."

ఆ సాయంత్రం మదనపల్లె చేపల అంగడి భాయ్‌కి ఫోన్ చేసి, ఆమెకూ వినపడేలా స్పీకర్ పెట్టాను. ఆయన అంతా విని అన్నాడు: "మీరు మురికిని చంపేసినారమ్మా. చేపల పెంటలో ఇసం ఉంటాది, దాన్ని తినే పురుగు ఆ మురికిలోనే ఉండేది. కంటికి కనపడదు. అది కొత్తగా పుట్టాలంటే నెల దాటుతాది. నా పాత తొట్టిలోది ఇస్తా, పాలకి తోడు పెట్టినట్టు పెట్టుకోండి."

తోడు మాట వినగానే చిన్నమ్మ ఇటు తిరిగింది. నేను సంచీ తీసుకుని బయల్దేరబోతే మాత్రం ఆపేసింది. "దీపాలు పెట్టినాక తోడు అడగరాదు. ఇచ్చినోళ్ళింట్లో లచ్చిమి పోతాది." భాయ్ ఇంట్లో లక్ష్మి ఏంటి చిన్నమ్మా అన్నాను. పొయ్యి ఎలిగే ప్రతి ఇంట్లోనూ ఉంటాదంది. భాయ్ చెప్పినట్టు మేత ఆపి, పావువంతు నీళ్ళే మార్చి, మూడు చేపల్నీ దేవుడికి వదిలాము.

తెల్లారి మొదటి బస్సుకు తనూ వచ్చింది, చేతిలో పాత పాలక్యానుతో. అందులోనే తెచ్చాం ఆ గోధుమరంగు నీళ్ళూ, స్పాంజి ముక్కా. ఇంటికొచ్చాక నువ్వే పిండు అంది. నేను తోడు పెట్టిన పాలు ఎప్పుడైనా సరిగ్గా పేరుకున్నాయా అన్నాను. కొంగు దోపుకుని తనే పిండింది.

ఆ తర్వాత నెలన్నర ఆమెకు అసలు పరీక్ష. చిటికెడు మేత, కాసిని నీళ్ళు మార్చడం, అంతే. నీళ్ళు మసకబారినప్పుడల్లా చింతపండు డబ్బావైపు చూసేది. ముట్టుకోకుండా ఉండేది కూడా పనేనని గొణుక్కునేది. మూడు చేపలూ నిలిచాయి. ఒకరోజు పొద్దున లేచి చూస్తే తులసి మొదట్లో మట్టి తడిగా ఉంది. నేను పొయ్యలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

చిన్నమ్మ పోయి రెండేళ్ళు. ఆ చేపలూ ఒక్కొక్కటే పోయాయి, వేరేవి వచ్చాయి. కుప్పానికి మారినప్పుడు స్పాంజి అదే పాలక్యానులో బస్సెక్కింది. పొద్దున పక్కింటావిడ గిన్నెలో దాన్ని పిండుతుంటే, ఈ చెయ్యి మంచిదేనా అని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏ ఇంటి పెరుగుకైనా మొదటి తోడు ఎవరు పెట్టారో కాలం గుర్తుంచుకోదు. తన చేతిలో ప్రాణం నిలవదని బెంగపడిన మనిషి పోయింది. ఆ చెయ్యి పెట్టిన తోడు ఇవాళ ఇంకో ఇంటికి వెళ్ళింది.