అక్క పుదీనా, బావ మాట

మా అక్కకు ముక్కు మీద కోపం అని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవాళ్లు. మొన్నటి చలికాలం వచ్చిన జ్వరంలో ఆ ముక్కే పనిచేయడం మానేసింది. కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

అక్క దారం మిల్లు క్యాంటీన్‌లో వంటమనిషి. నేను అదే మిల్లులో మిషన్ మీద పనిచేస్తాను. బావ గేటు దగ్గర కాపలా. జ్వరం తగ్గాక అక్కకు ఉప్పు, కారం, పులుపు తెలుస్తున్నాయి గానీ ఉల్లిపాయ వేగిందో మాడిందో, పాలు బాగున్నాయో విరిగాయో వాసన పట్టి చెప్పలేకపోతోంది. వాసన వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. సంగతి బయటికి పొక్కితే అక్కను పొయ్యి దగ్గర నుంచి లేపేస్తారు. అందుకని నాకూ బావకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

క్యాంటీన్ వెనక, బియ్యం కడిగిన నీళ్లు పారబోసే చోట, పగిలిన టబ్బుల్లో అక్క ఏళ్లుగా పుదీనా పెంచుతోంది. కొన్న కట్టలోంచి గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తుంచేసి, గ్లాసెడు నీళ్లలో నిలబెట్టి, తెల్లటి వేళ్లు దిగాక మట్టిలో గుచ్చింది. ఇప్పుడది టబ్బు దాటి సిమెంటు పగుళ్లలోకి పాకుతోంది. మిల్లులో ఎవరికి కడుపు ఉబ్బరించినా, జలుబు చేసినా అక్కడికే వస్తారు. రావద్దని ఎవరూ అనలేదు. చిగురు తుంచుకుంటే మళ్లీ కొమ్మలు వేస్తుంది కదా, వేళ్లతో సహా పీకడం దేనికి? "మీ జుట్టు కూడా ఇలాగే కత్తిరించుకుంటారా?" అని అక్క గరిటె పట్టుకుని వెంటపడేది.

జ్వరం తర్వాత ఆ ఆకు నమిలితే ముక్కులోకి చల్లగా పాకడం ఒక్కటే ఆమె ముక్కుకు తెలిసేది. మంట ఆపాక చేత్తో తుంచి కాసిన్ని ఆకులు చల్లే మనిషి, తనకు తెలిసేదాకా గుప్పెళ్లకొద్దీ వేయడం మొదలుపెట్టింది. సూప్‌లో వేసింది, అన్నంలో వేసింది, చివరికి గుడ్లలో కూడా వేసింది. "ఇది క్యాంటీనా, టూత్‌పేస్టు కంపెనీయా?" అన్నాడు మెకానిక్. అంతకుముందు వారమే ఆ ఆకు మరిగించిన నీళ్లు తాగి కడుపునొప్పి తగ్గించుకున్న మహానుభావుడు. నాకు ఒళ్లు మండిపోయింది. సూపర్‌వైజరు అందరి ముందూ, "ఇంకొక్క మాట వినబడితే గిన్నెలు తోమే పనికి వెళ్లాల్సి ఉంటుంది" అన్నాడు.

అప్పటి నుంచి వడ్డనకు ముందు బావ వచ్చి రుచి చూసి చెప్పాలని అక్క హుకుం జారీ చేసింది. బావ వచ్చేవాడు, గరిటెలోది నోట్లో వేసుకునేవాడు, "బాగుంది" అని వెళ్లిపోయేవాడు. ఒకరోజు అడుగంటిన కూరకు కూడా బాగుందనే అన్నాడు. ఆ కూర కంచాల్లో అలాగే మిగిలిపోయింది. రేపటి వంట చూసి అటో ఇటో తేలుస్తానన్నాడు సూపర్‌వైజరు.

టబ్బుల దగ్గర అక్క బావను నిలదీసింది. నేనూ అక్కడే ఉన్నాను.

"మాడిన వాసన రాలేదా నీకు?"

"వచ్చింది."

"మరి బాగుందన్నావేం?"

"నువ్వు బాధపడతావని."

"గిన్నెలు తోముతుంటే సంతోషపడతానా?" అక్క చేతిలో పుదీనా కాడలు నలిగిపోయాయి. "నాకు ముక్కు లేక నీ ముక్కు అరువడిగాను. నీ మర్యాద ఎవరడిగారు? దాన్నేం చేసుకోను, కూరలో వేసుకోనా?"

బావ నేల చూపులు చూశాడు. నాకు జాలి కలగలేదు.

మర్నాడు టీ తాగే వేళ నేనూ వంటగదిలోకి వెళ్లాను. బావ గరిటె అందుకుని అక్క మొహం వైపు చూడకుండా, "పచ్చివాసన పోలేదు" అన్నాడు. అక్క గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. కాసేపటికి బావ మళ్లీ చూసి సరిపోయిందన్నాడు. అక్క మంట ఆపి ఆకు తుంచి వేసింది.

"చాలా?"

"వాళ్లకు చాలు."

"వాళ్ల సంగతి సరే, నీకు?"

బావ గరిటె కింద పెట్టాడు. "నాకు పుదీనా పడదు. మొదటి నుంచీ."

బావ గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం సూపర్‌వైజరు తిని, తలూపి, ఆమె పొయ్యి దగ్గరే ఉంటుందని చెప్పాడు. మెకానిక్ రెండోసారి వడ్డించుకున్నాడు. ఈ కబురు చెబుదామని పరుగున వెళ్తే అక్క టబ్బుల ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"కొత్తకాపురంలో ఒకసారి వేసి పెడితే బాగుందన్నాడే," అంది నన్ను చూసి. "అందుకే కదే ఇదంతా నాటాను."