మామ బిగించిన సేఫ్టీ

మా మేనమామ ఆలూరు దగ్గరి తన ఊళ్లో జ్వరంతో చనిపోయారని, కడపలో ఉద్యోగం చేసుకుంటున్న నాకు గత సోమవారం తంతి వచ్చింది. ఒకప్పుడు ఇంట్లో రైఫిలు ఉంచుకున్న మనిషి మంచం మీద జ్వరంతో పోవడం మా ప్రాంతంలో ఒక విధమైన క్రమశిక్షణా రాహిత్యం. బంధువర్గం దాన్ని ఆ విధంగానే పరిగణించి, తగినంత తక్కువ సంఖ్యలో హాజరైంది.

ఆయనకు రైఫిలు ఎందుకు మంజూరైందో పాఠకులకు మనవి చేయాలి. అడవిపందుల నుండి పంటను కాపాడుకొనుటకు అని లైసెన్సులో ఉంది. వాన రాలేదు కనుక పంట లేదు. పంట లేదు కనుక పందులు కూడా తమకున్న విచక్షణ మేరకు రావడం మానుకున్నాయి. రాజధాని కర్నూలుకు వచ్చింది, వెళ్లింది. నీళ్లు మాత్రం ఆ ఊరికి రాలేదు. వచ్చింది లైసెన్సు ఒక్కటే. ఎదురింటి పెద్దాయనకూ అదే కారణం మీద అలాంటి లైసెన్సే వచ్చింది. ఆ రెండిళ్ల మధ్య ఉన్నవి ఒక పాత కక్ష, ఒక రస్తా. అందులో పందులు తిరిగిన దాఖలా లేదు.

మామ స్వభావతః జాగ్రత్తపరుడు. చెప్పులు దులిపి తొడుక్కునేవారు, చెంబు వంచి చూసి నీళ్లు తాగేవారు. గోడకు వేలాడే రైఫిలు పక్కగా ఎప్పుడు నడిచినా సేఫ్టీని, అంటే ట్రిగ్గరు కదలకుండా ఆపే చిన్న పిడిని, బొటనవేలితో ఒకసారి వెనక్కి నొక్కి చూసేవారు. “పేల్చేది ఎవడైనా పేలుస్తాడల్లుడా. పేలకుండా పెట్టుకునేదే శానా కష్టం” అనేవారు. ఆ మాటను ఊళ్లో పిరికితనం కింద జమకట్టారు.

ఏటా మహర్నవమినాడు, ఆయుధపూజకు ముందు, పడసాలలో పాత పంచె పరిచి సేఫ్టీని విప్పి తుడిచి మళ్లీ బిగించేవారు. నేను సెలవులకు వెళ్లిన ఒక ఏడు, ఆయన ఇంకా బిగించకముందే అత్త గంధం గిన్నెతో వచ్చింది. నాగటి కర్రుకు, కొడవలికి, గడ్డపారకు పెట్టినట్టే పంచె మీదున్న ప్రతి ముక్కకూ బొట్టు పెట్టింది.

“ఏందే ఇది, స్ప్రింగుకు కూడా బొట్టా?” అన్నారు మామ.

“అన్నీ ఆయుధాలే గదా. దాన్నొక్కదాన్నీ బోసిగా పెట్టాల్నా?”

మామ నవ్వారు. లోపలి నుంచి పూజారి కేకేశాడు: “మంచి గడియ దాటిపోతాండాది, రాండప్పా!” పూజ కాకముందే బొట్టు తుడిస్తే అపచారం. అందుకని ఆయన తుడవకుండానే బిగించారు. చీల, దాని మీద స్ప్రింగు, ఆ పైన పిడి. వరుస తప్పలేదు. బొటనవేలితో నొక్కితే టక్కుమని పడింది. గంధం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది.

మరునాడు దశమి. జమ్మిచెట్టు దగ్గర ఆకాశంలోకి ఒక గుండు పేల్చడం ఆ ఇంటి ఆచారం. ఆచారం ఆలస్యం కాకూడదని ఇంటి దగ్గరే తూటా పెట్టి, సేఫ్టీ వేసి, మామ తమ్ముడు దాన్ని భుజాన వేసుకుని బయలుదేరాడు. సరిగ్గా ఎదురింటి ముందు అతను కాలికి బండ తగిలి తూలాడు. రైఫిలు భుజం నుంచి జారి, దాని మడమ నేలకు కొట్టుకుని పేలింది. గుండు చిన్నమామ గొంతులోంచి పోయింది. పిడి అప్పటికీ క్షేమం అనే వైపే ఉంది. లోపల ట్రిగ్గరును పట్టి ఆపే చీలను మాత్రం ఎండిన గంధం కిందికి దిగనీయలేదు.

ఆ రోజు ఎదురింటి రైఫిలు కూడా పూజకు బయటే ఉంది. అందుచేత ఎదురింటాయన కాల్చగా చూసిన సాక్షులు పోలీసుల కంటే ముందే తయారయ్యారు. చూడనివారు కూడా యథాశక్తి సహకరించారు. తమ్ముడి శవం పక్కనే కూర్చుని మామ సేఫ్టీని విప్పారు. చీలకు పట్టిన పసుపుపచ్చటి పెచ్చును గోటితో గీకి చూశారు.

“మూసిపెట్టప్పా దాన్ని” అన్నాడు బంధువుల్లో పెద్దవాడైన మా చిన్నతాత. “తమ్ముడు ఎట్లాగూ పోయినాడు. ఆ సావన్నా పనికి రానీ.”

“వాళ్లు సంపల్యా, చిన్నాయనా. నేను బిగించిందే సంపింది.”

“ఉరికంబం దాకా వచ్చినోన్ని మళ్లీ ఇంటికి పంపిస్తావా? నీకు రోషమనేది ఉండాదా?”

అత్త తల బాదుకుంది. “బొట్టు పెట్టింది నేను గదప్పా, నన్ను పట్టియ్యండి!”

“బొట్టు పెట్టింది తప్పు కాదు” అన్నారు మామ. “తుడవకుండా బిగించింది తప్పు. అది నా పని.” ఇన్‌స్పెక్టరు వచ్చాక ఆయనకూ అదే మాట చెప్పారు.

నిజం చెప్పినందుకు దక్కవలసిన గౌరవం క్రమప్రకారం దక్కింది. ప్రభుత్వం లైసెన్సు రద్దు చేసి, అజాగ్రత్త నేరం కింద కొన్ని నెలలు కడప జైలులో ఉంచింది. బంధువులు ఒక మంచి చావును వృథా చేశాడని రాకపోకలు మానుకున్నారు. ఉరి తప్పిన ఎదురింటాయన, “మా తుపాకికి జడిసి నిజం చెప్పినాడప్పా” అని రచ్చకట్ట మీద ప్రకటించాడు. ఆ ప్రకటనను ఎవరూ ఖండించలేదు.

జైలులో నేను చూడబోయినప్పుడు, మాట్లాడుతున్నంతసేపూ ఆయన బొటనవేలు అక్కడ లేని పిడిని వెనక్కి నొక్కుతూనే ఉంది.

“మంచి పని చేసినావు మామా” అన్నాను.

“మంచీ గాదు, గించీ గాదు. ఒక సావు సాలనుకున్న్యా, అంతే.”

ఎదురింటి పిల్లలు తండ్రి ఉండగానే పెరిగి పెద్దవాళ్లవుతున్నారు. ఇందుకు సంబంధించిన కృతజ్ఞత ఇంతవరకు ఎవరి నుండీ అందలేదు గనుక, నేను ఇక్కడ తెలుపుకుంటున్నాను.

తంతి అందగానే బయలుదేరి, గుంతకల్లులో రైలు దిగి, బస్సు పట్టుకుని నేను వెళ్లేసరికి పాడె సిద్ధంగా ఉంది. ఎదురింటి తలుపులు వేసి ఉన్నాయి. నొసట గంధం పెట్టమని ఎవరో అత్త చేతికి గిన్నె అందించారు. ఆమె వేలు గంధంలో ముంచి, ఆయన ముఖం దగ్గర చాలాసేపు ఆపేసింది. తరువాత బొట్టు పెట్టింది. పెట్టి, అది ఆరకముందే, కొంగు కొనతో ఏమీ మిగలకుండా తుడిచింది. నొసటి మీద వేలితో తడిమి చూసుకుంది.

“ఇంక లేపండప్పా” అంది.