కడగని రోలు

మందు నూరడం అయ్యాక బీరమ్మ రోలును అరచేత్తో తుడిచేది. ఆ చేతిని రెండు కళ్లకూ అద్దుకునేది. పైన పాత గొంగడి ముక్క కప్పి రోలును మూలకు జరిపేది. నీళ్లు మాత్రం తగలనిచ్చేది కాదు.

జానెడు ఎత్తున్న నల్లరాతి రోలు అది. దేవరకొండ గుట్ట కింది పల్లెలో, గొర్లు కాసుకునే ఆ ఇంట్లో మూడు తరాలుగా ఉంది. కామెర్లకు పసరు అందులోనే నూరాలి. పదేళ్ల పిల్లగా కాపురానికి వచ్చిన కొత్తలో బీరమ్మ అంట్లతోపాటు దాన్నీ కడగబోయింది. అత్త గోపమ్మ ఆమె చేతిలోని చెంబు గుంజుకుంది.

"ఓ పిల్లా, మా అత్త చేతిగుణమంత మోరీల పోస్తవా? మీ అమ్మగారింట్ల గిదే నేర్పిండ్రా?"

"గలీజుగుంది గద అత్తా."

"గలీజు నీ మొకం. గదే గుణం."

పాలకుండ దగ్గర ఆ అత్తే వేరే మనిషి. బూడిదతో తోమించేది. మరిగే నీళ్లు పోయించేది. పొయ్యి మీద బోర్లించి సెగ పట్టించేది. లోపల వేలితో రాసి, వాసన చూసి, మళ్లీ తోమమనేది. ఒక్క పూట తోమకపోతే పాలు విరుగుతాయి. బీరమ్మ రెండూ నేర్చుకుంది. కుండ, రోలు ఒకే వసారాలో ఉండేవి, రెండు బారల దూరంలో.

రజాకార్ల గడబిడ అణిగిన ఏడు గోపమ్మ పోయింది. పోయేముందు కోడలిని దొడ్డి వెనక్కి తీసుకుపోయి ఆకు చూపించింది. పేరు చెవిలో చెప్పింది. ఆకు నలుగురికీ తెలిస్తే పనిచేయదని ఆ ఇంటి నమ్మకం.

మూడు ఆదివారాలు, మూడు మోతాదులు. మేక మజ్జిగలో, పరగడుపున. ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. బీరమ్మ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. చాలామందికి తగ్గేది. కొందరికి బేదులు పట్టేవి. "కడుపుల విషం ఎళ్లిపోతాంది, పోనియ్యి" అనేది, అత్త అన్నట్టే. వాళ్లలో కొందరు తర్వాతి ఆదివారం కనిపించేవారు కాదు. వానాకాలంలో అలాంటివారు ఎక్కువ. ముదిరాక తెచ్చి ఉంటారు అనుకునేది. నిజంగానే అలా అనుకునేది.

1963 వానాకాలంలో ఆమె ఒక్కగానొక్క బిడ్డ హనుమమ్మ అత్తగారింటి నుంచి పచ్చటి కళ్లతో వచ్చింది. పందొమ్మిదేళ్లు. బీరమ్మ కంగారుపడలేదు. ఆదివారం మొదటి మోతాదు ఇచ్చింది. గురువారానికి బేదులు మొదలయ్యాయి, ఒళ్లు కాలింది.

"పిల్ల నిలవడతలేదు. దవాఖానకు కొంచవోదాం" అన్నాడు భర్త జానయ్య.

"నడుమ ఇడిస్తె తిరగబెడ్తది. ఇంకో రెండు పడాలె."

"నీ మందేమో గని, పిల్ల మొకం జూడరాదు?"

"నువ్వు గొర్ల సంగతి జూస్కోపో."

రెండో ఆదివారం గిన్నె నోటి దగ్గర పెడితే హనుమమ్మ తల తిప్పుకుంది.

"అమ్మా, వాసనొస్తాంది."

"మందు వాసనే బిడ్డా. కండ్లు మూస్కొని తాగు."

తాగింది.

మంగళవారం బండిలో పడుకోబెట్టి దేవరకొండ తీసుకుపోయారు. దవాఖానలో ఇస్రాయేలు అనే కంపౌండరు సెలైన్ ఎక్కించాడు. కనురెప్ప పైకెత్తి చూశాడు.

"పెద్దమ్మా, కామెర్లు తగ్గుతనే ఉన్నయి. ఇది కడుపుల పడ్డ పురుగు. ఏం తాగింది?"

బీరమ్మ చెప్పింది. మూడు తరాల రోలు గురించి కూడా చెప్పింది.

"రోలు ఎప్పుడెప్పుడు కడుగుతరు?"

"కడుగం."

"మరి పాలకుండ?"

అతను సీసా మార్చడానికి పోయాడు.

హనుమమ్మ బుధవారం పొద్దెక్కకముందే పోయింది.

మైల ఇల్లని ఆ ఆదివారం ఎవరూ మందుకు రాలేదు. పదకొండో రోజు దినాలు అయ్యాయి. ఆ సాయంత్రం బీరమ్మ మేకపాలు కాచింది. చల్లారాక సగం పాలకుండలో పోసింది, సగం రోట్లో పోసింది. రెంటి మీదా మూతలు పెట్టింది.

"రోట్ల పాలు పోస్తవేందే?" అన్నాడు జానయ్య.

"చూద్దామని."

"ఏం జూస్తవ్?"

ఆమె లోపలికి పోయింది.

తెల్లవారి మూతలు తీసింది. కుండలో పాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. రోట్లో పాలు విరిగి తీగలు సాగుతున్నాయి. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. పదిహేనేళ్లుగా దాన్ని మందు వాసన అనుకుంది.

అప్పటికే గోడ అవతల బండి ఆగింది. పక్క ఊరి సైదులు, అతని భార్య బక్కమ్మ దిగారు. బక్కమ్మ కళ్లు పచ్చగా ఉన్నాయి.

"అత్తా, మైల పోయిందంటె వచ్చినం. జర జల్ది పోసెయ్యి, బర్లు కట్టేసే ఉన్నయి" అన్నాడు సైదులు.

బీరమ్మ వాళ్లను దొడ్డి వెనక్కి రమ్మంది. వంగి ఒక మొక్క పీకి అతని చేతిలో పెట్టింది.

"మందు గిదే. నేలుసిరి."

సైదులు నవ్వాడు. "నాతోని పరాచికాలా అత్తా? గిది మా పెంటకాడ గంపెడున్నది. మేకలు గూడ మూతి పెట్టయి."

"గదే."

"ఆకు పేరు చెప్తివి గదనే" అంది బక్కమ్మ, మెల్లగా. "ఇగ పనిజేస్తదా?"

"నా రోలు మంచిది గాదు బిడ్డా. నా బిడ్డ గా రోట్ల మందుతోనే పోయింది. సైదులూ, పిల్లను దవాఖానకు తోల్కపో. ఇస్రాయేలని కంపౌండరుంటడు, ఆయన్నడుగు."

సైదులు మొక్కను కింద పడేశాడు. "బిడ్డ పోయి మతి తప్పింది, పాపం" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించకుండానే. బక్కమ్మ చెయ్యి పట్టుకుని బండెక్కించాడు. బండి ఏ దారి పట్టిందో బీరమ్మ చూడలేదు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

విరిగిన పాలు దూరంగా పారబోసింది. రోట్లో బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమింది. మరిగే నీళ్లు పోసింది. నల్లగా వచ్చాయి. మళ్లీ తోమింది. ఆకుపచ్చగా వచ్చాయి. నాలుగోసారికి తేటపడ్డాయి. లోపల వేలితో రాసి, వాసన చూసి, ఇంకోసారి తోమింది. తర్వాత రోలును పొయ్యి దగ్గరికి మోసుకుపోయి, పాలకుండ పక్కన సెగకు బోర్లించింది.