ట్రంకాల్ అత్త పరామర్శ

ఆమెకు ట్రంకాల్ అత్త అని పేరు పెట్టిందెవరో ఎవరికీ గుర్తులేదు. ఎందుకు పెట్టారో మాత్రం అందరికీ తెలుసు. ముప్పై మూడేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరికీ ఊరికీ ట్రంకాల్స్ కలుపుతూ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్న మనిషి. ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయింది, ఏ మామగారు ఏ అల్లుణ్ణి గడప తొక్కనివ్వనన్నాడు, ఏ డాక్టరు ఏ రోగికి ఎన్నాళ్లు గడువిచ్చాడు, అన్నీ ఆమె చెవిలోంచే వెళ్లాయి. ఒక్కటీ నోట్లోంచి బయటికి రాలేదు. "మా ఆవిడ చెవి పాడుబడ్డ నుయ్యి. పడిందేదీ పైకి తేలదు" అనేవాడు ఆమె భర్త.

రిటైరయ్యాక ఆ చెవికి పని లేకుండా పోయింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని ఒకే బీరువాను మూడుసార్లు సర్దింది. అయిదో నెలలో చర్చిలో పాస్టరు గారు వాలంటీరు చాప్లిన్లు కావాలని ప్రకటించగానే మొదట లేచిన చెయ్యి ఆమెది. రెండో చెయ్యి ఆమె భర్తది. ఆయన వెళ్లడానికి కాదు, ఆమెను తప్పకుండా పంపమని.

పని పెద్దదేం కాదు. పేటల్లో తిరిగి రోగుల దగ్గరా, ఒంటరివాళ్ల దగ్గరా కాసేపు కూర్చోవాలి. వాళ్లు చెప్పింది వినాలి. కావాలంటే ప్రార్థన చెయ్యాలి. దీనికి పన్నెండు శనివారాలు శిక్షణ ఇచ్చి, చివరికి మూడు నియమాలు చేతిలో పెట్టారు. సలహాలివ్వకూడదు. మతం మారమనకూడదు. ఇంట్లో విన్నది గడప దాటకూడదు. మూడోది చదివి ఆమె నవ్వింది. "ఇది నాకు నేర్పడానికి ఒక శనివారం పాడుచేశారా!" అంది. మొదటిదాని దగ్గర మాత్రం నవ్వలేదు.

చిక్కంతా బ్యాడ్జి దగ్గర వచ్చింది. దానిమీద 'చాప్లిన్' అని రాయిద్దామన్నారు పాస్టరు గారు. సంఘ పెద్దల్లో ఒకరైన స్కూలు మాస్టారు ఒప్పుకోలేదు. "మూగ సినిమాల్లో కర్ర తిప్పుకుంటూ నడిచే ఆయన పేరది. పిల్లలు వెంటపడి నడిచి చూపించమంటారు" అన్నాడు. సరే, 'ఆత్మీయ సేవకురాలు' అందామన్నారు. "మంచం పట్టినవాళ్ల దగ్గరికెళ్లి ఆత్మ మాటెత్తడం ఎందుకండీ?" అన్నారు ఇంకొకరు. గంటన్నర గడిచింది, టీ రెండుసార్లు వచ్చింది. ఆఖరికి 'పరామర్శకురాలు' దగ్గర అందరూ అలిసిపోయి ఆగారు. పాస్టరు గారు నిఘంటువు తెరిచి చూపించారు: యోగక్షేమాలు విచారించడం.

నిఘంటువులో తప్పు లేదు. కానీ జనం నిఘంటువు చూసి మాట్లాడరు కదా. జ్వరమొస్తే చూడ్డానికి వెళతారు. మనిషి పోతేనే పరామర్శకు వెళతారు.

మొదటి రోజు మొదటి ఇంట్లో ఒకాయన సగం గడ్డం నురగతో తలుపు తీసి, బ్యాడ్జి చదివి, లోపలికి తిరిగి కేక వేశాడు. "అమ్మా! నువ్వు బాగానే ఉన్నావా?" రెండో ఇంట్లో ఇల్లాలు చదవగానే గుమ్మంలో చతికిలబడి "మా తమ్ముడేనా? నిజం చెప్పండి" అని ఏడుపు అందుకుంది. ఎవరూ పోలేదని నమ్మించేసరికి పావుగంట పట్టింది. మూడో ఇంట్లో ముసలావిడ ధైర్యస్తురాలు. "ఇంకా ఉన్నానమ్మా. వచ్చే నెల రా" అని తలుపు వేసుకుంది.

అయినా నెల తిరిగేసరికి పేట ఆమెకు అలవాటుపడింది. ఆమె ప్రార్థన మూడు నిమిషాలే. ట్రంకాల్ మూడు నిమిషాలకు కట్ చేసి చేసి, ఆ తర్వాత నోరు దానంతటదే మూసుకునేది. పాస్టరు గారి ప్రార్థన మొదలయ్యేముందు రోగులు మందులు వేసుకుని, మంచినీళ్లు పక్కన పెట్టుకునేవారు. అత్త వస్తే ఆ ఏర్పాట్లు అక్కర్లేదు.

ఇలా ఉండగా గడియారాల మేస్త్రీ దుకాణం తెరవక అయిదు రోజులైంది.

మేస్త్రీకి యాభై తొమ్మిదేళ్లు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "టైము దొరకలేదు" అనేవాడు. చర్చి గంట రెండు నిమిషాలు ఆలస్యంగా కొడుతోందని పాస్టరు గారికి ఏటా ఉత్తరం రాసేవాడే తప్ప లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. అలాంటివాడి షట్టరు పక్కనున్న తలుపును పొద్దున్నే తొమ్మిదింటికి తట్టింది ట్రంకాల్ అత్త.

"ఎవరూ?"

"నేనే మేస్త్రీ గారూ, ట్రంకాల్ అత్తని."

"ఏ వాచీ కాలేదు. తర్వాత రండి."

"వాచీ కోసం కాదు, మీ కోసం వచ్చాను."

"నేనింకా చావలేదు."

"వినబడుతూనే ఉంది. తలుపు తియ్యండి."

తీశాడు. ముందు గది గోడలకు పదిహేడు గడియారాలు. మామూలుగా అన్నీ ఒక్క గొంతుతో కొట్టేవి. ఇప్పుడు పదిహేడూ పదిహేడు టైములు చూపిస్తున్నాయి. ఒంటిమీద చొక్కా తిరగేసి వేసుకున్నాడు. మరలు కడిగే పెట్రోలు గిన్నె మూత లేకుండా బల్లమీద ఉంది. ఆ ఘాటుకు అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఏమీ అడగలేదు. లైన్లో అవతలివాళ్లు మాట్లాడేదాకా ఆగడం ఆమెకు ముప్పై మూడేళ్ల పని.

"అక్కయ్యా, ఈ తెల్ల కాగితం మీద మర ఒకటి ఉంది. కనబడుతోందా?" అన్నాడు చివరికి.

ఆమె కళ్లజోడు సవరించుకుని చూసింది. "లేదే."

"మీకు అరవై దాటాయి. కనబడకపోయినా మీ కొంపేం మునగదు. నాకూ కనబడటం లేదు."

ఎనిమిది నెలల్నుంచి వేళ్లతో తడుముకుంటూ పని లాక్కొస్తున్నాడు. పోయిన వారం ఒక స్ప్రింగు జారి కింద పడితే మూడు గంటలు నేలమీద పాకాడు. దొరకలేదు. ఆ రోజే షట్టరు దించాడు.

"తెలిసిందంటే సాయంత్రానికి ఒక్క వాచీ మిగలదు. చూపు ఆనని మేస్త్రీకి ఎవడిస్తాడు? ఈ బల్ల లేకపోతే నాకింకేముంది? ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

ఇచ్చింది. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మొదటి నియమం గుర్తొచ్చి మాత్రలా మింగింది.

"ప్రార్థన చేస్తారా?" అన్నాడు.

"మీరు కావాలంటే."

"గట్టిగా చెయ్యకండి. గోడలు పల్చన."

గుసగుసగా మూడు నిమిషాలు చేసింది. కళ్లు తెరిచేసరికి మేస్త్రీ వెనక గదిలో మంచమ్మీద వాలి నిద్రపోతున్నాడు. అయిదు రోజుల నిద్ర. ఆమె పిల్లిలా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఎదురుగా తన బల్ల దగ్గర చొక్కా ఇస్త్రీ చేస్తూ లాండ్రీ ఆవిడ.

"ఏమైంది అత్తా? కళ్లెందుకు తుడుచుకుంటున్నావు?"

"ఏం లేదే."

"మేస్త్రీ ఎలా ఉన్నాడు?"

"ఇప్పుడేం చెప్పలేనమ్మా. అడక్కు."

"అయ్యో! బాధపడ్డాడా?"

"నన్నేం అడక్కన్నానా? ఇప్పుడే ప్రశాంతంగా కళ్లు మూశాడు. ఎవరూ కదిలించొద్దు."

రహస్యం గడప దాటకుండా కాపాడానని తృప్తిగా ఇంటికెళ్లింది. వెనక లాండ్రీ ఆవిడ చేతిలోని పెట్టె కింద ఎవరిదో తెల్ల చొక్కా కాలిపోతోంది.

పన్నెండున్నరకు ఆమె భర్త బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "పాపం మేస్త్రీ. అదృష్టవంతుడు, నిద్రలోనే పోయాడట" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావట కదా. ఇంట్లో మాత్రం నాకు చెప్పవు. మందుల షాపాయన చెబితే తెలుసుకోవాలి."

ఆమె చేతిలో గరిటెతోనే పరుగెత్తింది.

ముందు గది నిండిపోయి ఉంది. లాండ్రీ ఆవిడ ముక్కు చీదుతోంది. స్కూలు మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక గది తెర తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"పద్ధతి ప్రకారం పరామర్శకురాలు ముందు వెళ్లాలని ఆగాం" అన్నాడు మాస్టారు, ఆమె చేతిలోని గరిటె వంక అనుమానంగా చూస్తూ.

"నోరు కరుకే గానీ పని బంగారం" అంది లాండ్రీ ఆవిడ. "బతికుండగా నాతో ఒక్క మంచి మాట అన్నవాడు కాదు. అయినా చూడండి, ఏడుపు ఆగటం లేదు."

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటప్పుడు అడగకూడదు గానీ... మా నాన్నగారి వాచీ ఇక్కడే ఉండిపోయింది." అడగకూడదంటూనే సొరుగు లాగేశాడు.

"ఆగండి! ఆయన బతికే ఉన్నాడు" అంది అత్త.

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"మరి పరామర్శకెందుకొచ్చావు?" అంది లాండ్రీ ఆవిడ, మోసపోయినట్టుగా.

"ఒంట్లో బాగాలేదా? ఏం జబ్బు?" అన్నాడు మాస్టారు.

"అది చెప్పకూడదు."

చెప్పకూడని జబ్బు అనేసరికి అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఒకాయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నిజం చెబితే మాట పోతుంది. చెప్పకపోతే, వీళ్ల ఊహ ఎక్కడిదాకా పోతుందో దేవుడికే తెలియాలి.

ఈలోగా మందుల షాపాయన వాచీ వెనక మూత తీశాడు. "జబ్బా నా బొందా! ఇటు చూడండి. మరలన్నీ గీకి గీకి పెట్టాడు. ఇది మనిషి పనేనా? తాగుతున్నట్టున్నాడు."

తెర ఎగిరిపడింది.

"ఎవడయ్యా తాగింది?"

బతికే ఉన్నాడని నిమిషం క్రితమే విన్నారు. అయినా అందరూ ఒక్కసారి కెవ్వుమన్నారు. మాస్టారు లాండ్రీ ఆవిడ వెనక దాక్కున్నాడు. మేస్త్రీ తిరగేసిన చొక్కాతో, రేగిన జుట్టుతో సూటిగా వచ్చి వేలు చూపించాడు. వేలు మందుల షాపాయన వైపు కాకుండా గోడ గడియారం వైపు వెళ్లింది.

"జన్మలో చుక్క ముట్టలేదు! నా చేతికి ఏ రోగమూ లేదు! కనబడక గీశాను. కనబడక! ఎనిమిది నెలలుగా నాకు ఆనటం లేదు!"

అని, తన మాట తానే విని, తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయాడు.

"నేను చెప్పలేదు" అంది ట్రంకాల్ అత్త, అందరికంటే ముందు.

మేస్త్రీ భయపడినట్టే జరిగింది. మంచివాళ్లే, మర్యాదగానే అడిగారు. "తొందరేం లేదు మేస్త్రీ గారూ, ఊరికే, ఇంట్లో ఉంచుదామని" అంటూ ఒక్కొక్కరే పట్టుకెళ్లారు. సాయంత్రానికి ముప్పై ఒక్క వాచీల్లో ఇరవై రెండు వెళ్లిపోయాయి. లాండ్రీ ఆవిడ తనది తీసుకోలేదు. "నాది ఆగి నాలుగేళ్లయింది. దానికేం అర్జెంటు?" అంది. మేస్త్రీ దాదాపు ఖాళీ అయిన సొరుగు ముందు కూర్చుని, అరచేత్తో దాని అడుగు తడుముతున్నాడు.

ట్రంకాల్ అత్త గరిటె బల్లమీద పెట్టింది.

"రేపు ఎనిమిదింటికి కళ్లాసుపత్రికి వెళుతున్నాం."

"మీరు సలహాలివ్వకూడదు కదా?"

"సలహా కాదు, టైము చెబుతున్నాను."

కళ్లాసుపత్రిలో డాక్టరు లైటు వేసి చూసి, రెండు కళ్లకూ పొర కమ్మిందని, ఒక్కోదానికీ అరగంట పనని చెప్పాడు. మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి లాక్కున్నాడు. "మీ వాచీ తడబడుతోంది. రోజుకు ఏడు నిమిషాలు వెనకపడుతుంది. దీన్ని నమ్ముకున్న మనిషిని నేనెలా నమ్మను?" డాక్టరు ఆ పూటే వాచీ విప్పి ఆయనకిచ్చాడు. నమ్మకం కుదిరింది.

సంఘ పెద్దలు మళ్లీ కూర్చున్నారు. పరామర్శ అనే మాట తీసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. దాని బదులు ఏం పెట్టాలో మూడు సమావేశాలైనా తేలలేదు. అందుకని అత్త బ్యాడ్జి లేకుండానే తిరుగుతోంది.

రెండో కన్ను కట్టు విప్పిన వారానికి మేస్త్రీ షట్టరు ఎత్తాడు. మిగిలిన తొమ్మిది వాచీల్లో ఒకదాన్ని తెరిచి భూతద్దం పెట్టాడు. వీధి చివరిదాకా కేక వినబడింది. అత్త వచ్చేసరికి తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది నా పనేనా అక్కయ్యా? ఆ మందుల షాపాయన అన్నది నిజమే. తాగినవాడు కూడా ఇలా చెయ్యడు. ఈ ఎనిమిది నెలల్లో నేను ముట్టినవన్నీ వెనక్కి రావాలి. నేను వెళితే మళ్లీ ఏం పాడుచేస్తాడోనని భయపడతారు. మీరు తెండి."

"ఎన్ని?"

"నూట నలభై మూడు. ఎవరెవరివో చెబుతాను, రాసుకోండి."

రాసుకోలేదు. ఒకసారి వింటే ఆమెకు చాలు. గుడ్డసంచి చేత్తో పట్టుకుని మర్నాటి నుంచే తలుపులు తట్టడం మొదలుపెట్టింది. పట్టుకెళ్లిపోయిన ఇరవై రెండింట్లో పద్నాలుగు కూడా ఆ సంచిలోనే తిరిగొచ్చాయి. ఎనిమిది రాలేదు. మందుల షాపాయనది వాటిలో ఒకటి.

ఒక మేడ రెండో అంతస్తులో ఉండే ఇల్లాలు మాత్రం చెయ్యి వెనక్కి దాచుకుంది. "నా వాచీ బ్రహ్మాండంగా నడుస్తోంది కదా అత్తా! దీనికేమైందని?"

"దానికేం తల్లీ, గుండ్రాయిలా ఉంది. మేస్త్రీకే నిద్ర పట్టటం లేదు. ఇలా ఇవ్వు."