ఆషాఢం టికెట్లు

మా కింద పోర్షన్‌లో కిరాయికుండే తిరుపతి మంచివాడు. మెచ్చుకోలుగా అనడం లేదు. మంచితనం హద్దు దాటితే ఇంట్లోవాళ్లకి అదెంత శిక్షో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి అంటున్నాను.

నల్లగొండ వైపు పల్లె నుంచి చిన్నప్పుడే తల్లి అండాలమ్మతో సరూర్‌నగర్ వచ్చాడు. తండ్రి లేడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. మాది గుంటూరు. ఇక్కడ ఇల్లు కట్టుకుని చాలా ఏళ్లయింది. అండాలమ్మ నన్ను వదినా అంటుంది, తిరుపతి ఆంటీ అంటాడు.

పెళ్లి కుదరగానే అతనికి ఒక పిచ్చి పట్టింది. అమ్మాయి పేరు అమల, చౌటుప్పల్ దగ్గర పల్లె. మాటల్లో మాటగా విమానం ఎక్కాలనుందని, మబ్బులు దిగే కొండలు చూడాలనుందని అందట. అతని జీతానికి విమానమెక్కడ? అందుకని క్రెడిట్ కార్డు తీసుకున్నాడు. ఖర్చుపెట్టినకొద్దీ పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగైతే టికెట్లూ హోటలూ వస్తాయి. తన ఖర్చెంత కనుక? వీధి మొత్తం ఖర్చు తన కార్డు మీద వేసుకున్నాడు. ఎవరు ఫ్రిజ్ కొన్నా, ఎవరి పిల్లకి కోచింగ్ ఫీజు కట్టినా, "అన్నా, నా కార్డు గీకుతా, నాకు ఫోన్ల పైసలు కొట్టు" అంటూ వెంటపడేవాడు. ఎల్బీనగర్‌లో ఎవరో చుట్టం బండి కొంటున్నాడంటే డ్యూటీ దిగి అక్కడికీ పరుగే.

"ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అన్నట్టుందయ్యా నీ పని" అని ఏడిపించేదాన్ని.

"పెళ్లి నాదే గదా ఆంటీ" అని నవ్వేవాడు.

ఎండాకాలంలో పెళ్లయింది. కొద్దిరోజులకే ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "ఆంటీ, మున్నార్! సగం పాయింట్లకే ఒచ్చినయ్, ఇద్దరికీ. హోటల్ల మంచం మీద పూలు గూడ పెడతరంట." ఆ మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. టికెట్ మీద తేదీ చూశాను, గోడ మీద క్యాలెండర్ చూశాను. నడి ఆషాఢం.

కొత్త కోడలు ఆషాఢమంతా పుట్టింట్లోనే ఉండాలి. అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదు, కొత్త దంపతులు కలిసి ఉండకూడదు. ఇది తెలియని తెలుగువాడుంటాడా? ఉన్నాడు, మా కిందే ఉన్నాడు. వాళ్ల షోరూం ముందు ఇంతెత్తున ఆషాఢం తగ్గింపు బ్యానర్ కడతారు. అతనికి ఆషాఢమంటే కౌంటర్ దగ్గర రద్దీ. ఆ రద్దీలోనూ కొట్లాడి సెలవు సంపాదించాడు గానీ, అది తన పెళ్లాం తన ఇంట్లో ఉండని నెల అని మాత్రం తట్టలేదు. ఆ టికెట్లు వెనక్కి తీసుకోరు. తేదీ మార్చాలంటే మళ్లీ మొదటి నుంచీ పాయింట్లు కూడబెట్టాలి.

"పోతే పోనియ్" అంది అండాలమ్మ. "ఆషాఢంల కోడలును తిప్పుతవా? నలుగురు నా మొఖాన ఉమ్ముతరు."

"మేమాడ, నువ్వీడ. అత్తాకోడళ్లు ఒక్క గడప దాటనట్టే గదమ్మా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

అమలను తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న జంగయ్య వచ్చాడు. ఆయన సంచులు ఆటోలో పెడుతుంటే ఆ పిల్ల మెట్ల దగ్గర మొగుడితో గబగబా అంది: "కాలేజీల సర్టిఫికెట్ల కోసమని ఇంట్ల చెప్పి ఆడికెంచి సీదా ఎయిర్‌పోర్టుకు ఒస్తా. నువ్వు ఈడికెంచి రా. ఒచ్చినంక ఎవలేమన్నా పడదాం."

అతను సరే అన్నాడు. నా చెవులతో విన్నాను.

ప్రయాణం రోజు తిరుపతి బ్యాగు సర్దుకోవడం అండాలమ్మ చూసింది. అరవలేదు. గడపకి అడ్డంగా కూర్చుని, "నేను సచ్చిననుకొని దాటిపో బిడ్డా" అంది. అంతే, బ్యాగు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కుర్చీలో కూలబడ్డాడు.

"లేవయ్యా, నేను చూసుకుంటా మీ అమ్మని. ఆటో పిలవనా?" అన్నాను.

"అమ్మ ఊకుంటలేదు ఆంటీ."

చేతిలో ఫోన్ మోగింది. "ఇంటికి పో అమలా, ఇంకోసారి పోదాం" అన్నాడు. అవతల ఏమందో, చాలాసేపు ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఎయిర్‌పోర్టు లోపలికి పోతున్న అంటుంది ఆంటీ" అన్నాడు.

పోయింది. ఒక్కతే విమానం ఎక్కి, ఒక్కతే కొండల మీదికి పోయి, ఒక్కతే పుట్టింటికి తిరిగొచ్చింది. పెళ్లికొడుకు లేని హనీమూన్ అని వీధిలో బుగ్గలు నొక్కుకున్నారు. శ్రావణంలో కాపురానికి వచ్చినప్పుడు అండాలమ్మ ఒక్క మాట అడగలేదు, భయపడిందేమో. "ఎట్లుంది?" అని తిరుపతి అడిగితే, "మంచిగుంది" అందట. అంతకు మించి అతనికి ఇప్పటికీ తెలియదు.

నాకు మాత్రం ఒకసారి డాబా మీద బట్టలు తీస్తూ చెప్పింది. మంచం మీద పూలు పరిచారట. ఇద్దరి పేర్లూ రాసిన కేకు తెచ్చారట. సార్ ఏరీ అని అడిగితే, ఒస్తుండని చెప్పిందట. భోజనానికి రెండు కంచాలు పెట్టినప్పుడల్లా అదే మాట.

"అబద్ధం కాదు ఆంటీ. ఎనక ఫ్లైట్ల ఒస్తడనే అనుకున్న. ఆఖరు దినం గూడ తలుపు కొడితే ఆయనే అనుకున్న."

నాకు ఏడుపాగలేదు. ఆ పిల్ల మాత్రం బట్టలు మడతపెట్టుకుని కిందికి దిగిపోయింది.

కాపురం చెడలేదు. కూతురు పుట్టింది, ఇప్పుడు బడికి పోతోంది. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకోగా నేను వినలేదు. తిరుపతి మళ్లీ వీధి బిల్లులన్నీ గీకడం మొదలుపెట్టాడు. ఏడిపించడం మానేసి మా వాషింగ్ మెషీన్ కూడా నేను అతని చేతే కొనిపించాను. మళ్లీ మున్నార్‌కి సరిపడా పాయింట్లు పోగయ్యాక, ఈసారి ముందు మంచిరోజు కోసం పంతుల్ని అడిగాడు. "పోయి రాండ్రి, పిల్లను నేను చూస్కుంట" అని అండాలమ్మే అంది. టికెట్లు తీసే ముందు తిరుపతి ఫోన్ తీసుకుని అమల దగ్గరికి పోయాడు. నేను అక్కడే ఉన్నాను.

ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుని, హోటలూ గదీ అన్నీ నిదానంగా చూసింది.

"మంచిగనే ఉన్నది. నేను చూసొచ్చిన గదా, నువ్వు పోయిరా" అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆ గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. ఆమె ఫోన్ అతని చేతికిచ్చి మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

"పొద్దుగాల బాగ చలి పెడతది. స్వెటర్ పట్టుకపో."