ఎస్తేరక్క మీద పడ్డ నింద

ఒక బరువు మోస్తా ఉన్నాను. ఏళ్ళయిపోయినాయి. చేపల గంప అయితే ఏదో ఒక ఊళ్ళో ఎవురో ఒకరు చెయ్యేసి దించుతారు. దీన్ని దించేదానికి మనిషి లేడు. మా ఆయనకి చెప్పలేను. కూతురికి అసలే చెప్పలేను. గుళ్ళో చెప్పుకుందామా అంటే, చేసిన తప్పులో సగం ఆ గుడి ముందరే చేసినాను. మీరెవురో నాకు తెలీదు, నేనెవురో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తా ఉన్నా. ఏడో తరగతి దాకా చదివినా, రాసేది వచ్చు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మాది వాకాడు దాటి సముద్రం ఒడ్డున ఒక పాళెం. మగోళ్ళు వేటకి పోతారు, ఆడోళ్ళం ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని లోపలి ఊళ్ళలో అమ్ముకొస్తాం. నేనూ ఎస్తేరక్కా ఒకే ఆటోలో పోయేవాళ్ళం. ఆమెకి మొగుడు లేడు, వేటకి పోయినోడు తిరిగి రాలేదు. ముసలి అత్తని పెట్టుకుని బతుకుతా ఉండాది. వరసకి నాకేమీ కాదు. కానీ నా కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో నా పక్కన నిలబడింది ఆమే. మా అమ్మ కూడా కాదు, ఆమే. ఆదివారం ప్రార్థనకి వాకాడు పోయేది. మా పాళెంలో ప్రార్థనకి పోయే ఇల్లు అదొక్కటే. దాని గురించి ఎవురూ ఒక మాట అనుండలేదు, అప్పటిదాకా.

ఆ ఏడు తుపానుకి సముద్రం ఇళ్ళలోకి వచ్చేసింది. బియ్యం తడిసి పులిసిపోయినాయి. వలలు ఇసకలో కూరుకుపోయి, లాగితే పీలికలొచ్చినాయి. తర్వాత గవర్నమెంటు సాయం ఇస్తామనింది. ఆడోళ్ళ ఖాతాల్లో నేరుగా పడుతుందన్నారు. నీళ్ళు అందరి ఇళ్ళలోకీ వచ్చినాయి గానీ, డబ్బు మాత్రం కొందరికే వచ్చింది. ఎందుకయ్యా అని అడిగితే ఒకరు ఆధార్ అంటారు, ఒకరు రేషన్ కార్డు అంటారు. ఎవురికి పడిందో, ఎవురికి పడలేదో, దేవుడికే తెలియాల.

ఇట్టాంటిదానికి మా పాళెంలో ఒక కట్టుబాటు ఉండాది. ఎవురి ఖాతాలో పడినా సరే, తెచ్చి పెద్దల ముందర పెట్టాల. అంతా ఒకచోట కలిపి ఇంటింటికీ సమానంగా పంచుతారు. మంచి కట్టుబాటే. ఇప్పటికీ అదే అంటాను. వేట లేని నెలల్లో ఆ పంపకంతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగిన రోజులు ఉండాయి.

మరి నేనెందుకు దాచినాను?

వాకాడులో వేలిముద్ర పెడితే డబ్బిచ్చే అంగడి ఒకటుంది. చేపలు అమ్ముకుని వస్తా ఊరికే అడిగి చూద్దామని పోయినా. వేలు పెట్టినా. ఆ అంగడాయన "పడిందమ్మా" అన్నాడు. నా పేరు మీద, నా వేలికి, అంత డబ్బు రావడం నా పుటకలో అదే మొదలు. మా ఆయన సంపాదన కాదు, గంపెత్తి తిరిగితే వచ్చింది కాదు. చేతిలోకి తీసుకోగానే ఒకటే అనుకున్నా, కూతురికి స్నానానికీ దొడ్డికీ ఒక గది. పిల్ల పెద్దదయింది. పొద్దు పొడవకముందే సరుగుడు తోటలోకి పోవాల, తోడుకి నేను పోవాల. తలుపున్న ఒక చిన్న గది, అంతే. కలిపి పంచితే నా వాటాకి ఆ తలుపు కూడా రాదు. పంచకపోతే గది లేస్తాది. ఎంత దూరం చెప్పండి, ఆ రెండు మాటలకీ మధ్య? ఆటో ఎక్కేలోపల దాటేసినా.

ఇంటికొచ్చి మా ఆయనతో మనకి పడలేదన్నాను. ఆయన నమ్మినాడు. నా మాట ఎప్పుడు నమ్మలేదని!

పది రోజులకి గ్రామ సచివాలయంలో ఎవురో మాటల మధ్యలో మీ పాళెంలో ఇన్ని ఇళ్ళకి పడిందని చెప్పినారంట. తెచ్చి ఇచ్చిన ఇళ్ళు లెక్కేస్తే ఒకటి తక్కువ. ఆ ఒకటి ఎవురని పెద్దలు ఆఫీసులో అడగలేదు. డబ్బు కలిపి పంచుతున్నారని తెలిస్తే ఆఫీసోళ్ళు ఊరుకోరు గదా. అందుకని ఊళ్ళోనే తేల్చుకుందామన్నారు. పడలేదని చెప్పిన ఇళ్ళ ఆడోళ్ళు అమ్మవారి గుడి ముందర కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, ప్రమాణం చెయ్యాలన్నారు.

అప్పుడన్నా చెప్పుండొచ్చు. తప్పయిపోయింది, ఇదిగో డబ్బు అంటే జరిమానా వేసి వదిలేసుండేవాళ్ళు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మా ఆయన అందరి ముందరా నా భుజం పట్టుకుని, మా ఇంటిదే ముందు ఆర్పుతాది, మాకేం భయం అని నన్ను ముందుకి తోసినాడు. గర్వంగా తోసినాడు. ఆ మొహం చూసినాక వచ్చిన మాట మింగేసినా. పోయినా. చెయ్యి పెట్టినా. కర్పూరం ఆరిపోయింది. చెయ్యి కాలను కూడా లేదు. ఏదన్నా అవుతాదని, కళ్ళు పోతాయనో, అక్కడే పడిపోతాననో అనుకున్నా. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను పాడు చేసింది.

నా తర్వాత అందరూ ఆర్పినారు. ఎస్తేరక్క ఆర్పలేదు. మా బైబిలు వాక్యంలో ఒట్టు పెట్టుకోవద్దని ఉంది, నాకు డబ్బు పడలేదు, నా మాట నమ్మండి అనింది. ఊరంతా గుసగుస. పైగా ఆ నెలలోనే ఆమె ఐసు పెట్టె, కొత్త కాటా కొనుండాది. తడ దగ్గర కంపెనీలో పనిచేసే చెల్లెలు పంపిందని చెప్తే ఎవురూ వినలేదు. బ్యాంకు పుస్తకం చూపించమంటే, ఇన్నాళ్ళూ మీ మధ్యలోనే బతికినా, నా మాట చాలదా అని మొండికేసింది. ఆమె మొండితనం నాకు తెలుసు. అది దొంగ మొండితనం కాదు. పెద్దలు రెండు రోజులు గడువిచ్చినారు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. వాకిట్లో నేను వల దారం చుట్టుకుంటా ఉన్నా. కూర్చోమనలేదు. ఆమే కూర్చుంది.

"నువ్వన్నా చెప్పవే. మీ ఆయన మాట పెద్దోళ్ళు వింటారు. నన్ను ఎరిగినదానివి నువ్వొక్కదానివే గదా ఇక్కడ."

"ఒక్క నిమిషం పనేగదక్కా. పోయి ఆర్పేసి రాకూడదా?"

"ఉంటే ఉందంటాను, లేకుంటే లేదంటాను. నిజం చెప్పేదానికి మళ్ళీ దేవుణ్ణి ఎందుకే మధ్యలోకి లాగేది?" అని, నా అరచెయ్యి వైపు చూసి, "నువ్వు ఆర్పినావు గదా. ఏమనిపించింది?" అని అడిగింది.

"ఏమీ అనిపించలేదక్కా."

"అనిపించదులే. నిజం చెప్పేవాళ్ళకి ఏమనిపిస్తాది!"

ఎగతాళి కాదు. ఎత్తిపొడుపూ కాదు. నా మీద నమ్మకంతో అనింది. నమ్మకంతో అంత గట్టిగా నన్ను ఎవురూ కొట్టలేదు. నేను దారం చుట్టుకుంటానే ఉన్నా. ఊరి మాట అక్కా, నాకెందుకు అన్నాను. లేచి పోయింది.

మూడో రోజు దురాయి వేసినారు. దురాయి అంటే వెలి. ఆమెతో ఎవురూ మాట్లాడకూడదు, ఒడ్డున పాటలో ఆమెకి చేప ఇవ్వకూడదు, అంగట్లో ఉప్పు కూడా ఇవ్వకూడదు. మాట్లాడినోళ్ళకి జరిమానా. ఆటో ఆమె ముందర ఆగకుండా పోయేది, లోపల నేనుండేదాన్ని. మొదట్లో నా వైపు చూసేది. తర్వాత చూడటం మానేసింది. నాకు జరిమానా పడకూడదని మానేసిందేమో అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం, సిగ్గు లేకుండా, అమ్మయ్య అనుకున్నా.

డబ్బుతో ఏం చేసినానని అడుగుతారు మీరు. గది కట్టినానా? ఎట్టా కడతాను? ఒక్క సిమెంటు బస్తా దింపితే చాలు, యాడిదే ఈ డబ్బు అని ఊరు మొత్తం వాకిట్లో నిలబడతాది. కంటికి కనపడేది ఏదీ కొనలేను. అందుకని కనపడనివాటికి పోయింది. గ్యాసు. మా అమ్మకి బీపీ మాత్రలు. పిల్లకి బూట్లు, అవి కూడా పాతవి కొట్టుకుపోయినాయని చెప్పి. ఫోను రీచార్జి. ఒకరోజు పిల్లని తీసుకుని గూడూరు పోయి, ఏసీ ఉన్న హోటల్లో బిర్యానీ తిన్నాం. పిల్ల ఎంత సంతోషపడిందో. నాకు దిగలేదు. అయినా తిన్నా, డబ్బు పెట్టినాం గదా అని. అంతే, అయిపోయింది. ఇందుకోసం చేసినానని చూపించుకునేదానికి ఒక ఇటుక కూడా లేదు. నా కూతురు ఇప్పటికీ సరుగుడు తోటకే పోతా ఉండాది.

వానల్లో ఎస్తేరక్క అత్త చనిపోయింది. ముసల్దాన్ని మంచం మీద పడుకోబెట్టి తెల్లారినప్పటి నుంచీ కూర్చుంది. ఒక్కరూ పోలేదు. వెలి ఉన్న ఇంటి పాడె మొయ్యకూడదు గదా. వాకాడు నుంచి ప్రార్థన వాళ్ళు వస్తామన్నారంట, వాగు పొంగి దారి తెగింది. మధ్యాహ్నం దాటినాక ఆమె వానలో తడుస్తా, వలలు బాగు చేసుకునే షెడ్డు కాడికి వచ్చింది. పెద్దలు అక్కడున్నారు. మేమంతా చూరు కింద నిలబడి ఉన్నాం. ఆ డబ్బు నేనే దాచినాను, తప్పయిపోయింది, క్షమించండి అనింది. వంగి దండం పెట్టింది. పోయిన డబ్బూ, దాని మీద జరిమానా కట్టింది. అత్త ఇంక దక్కదని తెలిసి, ఐసు పెట్టె, కాటా ముందురోజే వాకాడులో అమ్మేసుండాది.

నిజానికి కూడా ఒట్టు పెట్టుకోనన్న మనిషి. ఆమె చేత అబద్ధం ఆడించినాం. ఆడించినాం ఏంది, నేను ఆడించినాను. నాకూ ఆమెకీ మధ్య పదడుగులు కూడా లేవు. ఒక్క మాట. కాదు, నేను అని. ఎందుకు రాలేదా మాట? మా ఆయన తల వంచుకోవాల్సి వస్తాదనా? మాకూ వెలి పడతాదనా? కూతురు చదువు ఆగిపోతాదనా? అన్నీ నిజమే. అన్నీ సాకులే. చూరు కిందే నిలబడినాను. పెద్దలు వెలి తీసేసినారు. మగోళ్ళు పోయి పాడె ఎత్తినారు. మా ఆయన కూడా ఒక కొమ్ము పట్టినాడు.

ఇంతటితో అయిపోలేదు.

ఆమె కట్టిన డబ్బుని పెద్దలు ఎప్పటిలాగే ఇంటింటికీ సమానంగా పంచినారు. మా ఇంటికీ వచ్చింది. చెయ్యి చాపి తీసుకున్నా. వద్దంటే ఎందుకు వద్దంటావని అడుగుతారు గదా! బియ్యం కొన్నా. వండినా. తిన్నాం.

ఇప్పుడు ఆమె మళ్ళీ మాతోనే ఆటోలో వస్తాది. నా పక్కనే కూర్చుంటాది. మీ అమ్మకి ఒంట్లో బాగుందా, పిల్ల బాగా చదువుతా ఉందా అని అడుగుతాది. ఆమెకి తెలుసా? తెలిసే అడుగుతాదా? ఒక్కోరోజు తెలుసనుకుంటా, ఒక్కోరోజు లేదనుకుంటా. ఊళ్ళో ఏదన్నా పోతే చాలు, ఆమె వైపు చూస్తారు. ఆమె గంప కాడ బేరమాడేవాళ్ళు చిల్లర రెండుసార్లు చూసుకుంటారు. నేను పక్కనే ఉండి చూస్తా ఉంటాను. మొన్న ఒక పెద్దాయన, నిక్కచ్చి మనిషంటే నువ్వేనమ్మా అన్నాడు నాతో, ఆమె వింటా ఉండగానే.

చెప్పేస్తే ఆమె మీద నింద పోతాది. అది నాకు తెలుసు. తెలిసి చెప్పలేకుండా ఉన్నాను. రేపు చెప్తానని మీకు మాటివ్వను. నా మాటకి విలువ లేదని మీకు ఇప్పటికి తెలిసే ఉంటాది. క్షమించమని కూడా అడగను, క్షమించాల్సింది మీరు కాదు.

ఆ డబ్బు నాకే పడింది. దాచింది నేను. ఎస్తేరక్క దొంగ కాదు.

ఇంట్లో ఎవురూ లేరు. ఈ మూడు ముక్కలూ రాసి, పైకి చదువుకున్నా. ఇన్నేళ్ళలో ఆ మాట నా గొంతుతో వినడం నాకు కూడా ఇదే మొదలు.